హద్దులు దాటే ప్రాంతం: స్నాతకోత్తర స్థాయిలో ప్రాంతీయ నిర్వహణ అధ్యయనం – సూళ్లూరుపేట ఉదాహరణ

వ్యాససంగ్రహం

ప్రాంతీయ నిర్వహణను, సుస్థిర ప్రాంతీయాభివృద్ధిని స్నాతకోత్తర స్థాయిలో బోధించేటప్పుడు మొదట తేల్చుకోవలసినది ‘ప్రాంతం’ అంటే ఏమిటన్న ప్రశ్న. జిల్లానో రాష్ట్రాన్నో ప్రాంతంగా స్వీకరిస్తే నీరు, జీవనోపాధి, జీవవైవిధ్యం వంటి సమస్యలు ఆ హద్దులలో ఇమడవు. సూళ్లూరుపేట, పులికాట్ సరస్సు పరిసరాలను ఉదాహరణగా తీసుకొని, ఈ అధ్యయనం విద్యార్థికి ఏయే సామర్థ్యాలను అందించాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రాంతీయ నిర్వహణ, సుస్థిరాభివృద్ధి, సూళ్లూరుపేట, పులికాట్, జిల్లా ప్రణాళికా సంఘం, ఉమ్మడి వనరులు.

1. ఉపోద్ఘాతం

భావితరాల అవసరాలకు భంగం కలగకుండా వర్తమాన అవసరాలను తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని 1987లో బ్రంట్‌లాండ్ నివేదిక నిర్వచించింది. 2015లో ఐక్యరాజ్యసమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను ఆమోదించింది. లక్ష్యాలు అంతర్జాతీయ వేదికలపై రూపొందినా, అవి నెరవేరేదీ విఫలమయ్యేదీ ఒక చెరువు ఆయకట్టులో, ఒక సరస్సు ఒడ్డున, ఒక పారిశ్రామికవాడ పక్కనున్న ఊరిలో. గ్రామానికి పెద్దదై, రాష్ట్రానికి చిన్నదైన ఈ మధ్యస్థ స్థాయినే ప్రాంతీయ నిర్వహణ తన అధ్యయన క్షేత్రంగా ఎంచుకుంటుంది.

ప్రాంతీయ ప్రణాళికకూ ప్రాంతీయ నిర్వహణకూ భేదం ఉంది. ఏ భూమిని దేనికి వినియోగించాలో ప్రణాళిక పటంపై నిర్ణయిస్తుంది. ఒకరి ఆదేశానికి మరొకరు లోబడని ప్రభుత్వ శాఖలను, స్థానిక సంస్థలను, ప్రజాసమూహాలను ఒక ఉమ్మడి లక్ష్యం వైపు నడిపించడం నిర్వహణ పని. ఐరోపాలో 1991లో మొదలైన ‘లీడర్’ కార్యక్రమం గ్రామీణ ప్రాంతాలలో ప్రజలు, సంస్థలు, స్థానిక ప్రభుత్వాలు కలిసిన కార్యాచరణ బృందాలకు ఈ బాధ్యతను అప్పగించింది. ఇటువంటి పనికి తగిన నిపుణులను తయారుచేయడమే స్నాతకోత్తర కోర్సు లక్ష్యం.

2. ప్రాంతపు హద్దు ఎక్కడ?

సూళ్లూరుపేట కాళంగి నది ఒడ్డున, 16వ జాతీయ రహదారిపై ఉన్న పురపాలక పట్టణం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడేవరకు ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాలు అప్పుడు చిత్తూరు జిల్లాలోనివి. ఆ మండలాలలో విస్తరించిన శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఇసుజు, ఆల్‌స్టమ్, మాండెలీజ్ వంటి సంస్థలు ఉత్పత్తి సాగిస్తున్నాయి. జిల్లాల పునర్వ్యవస్థీకరణ ఈ రెండింటినీ ఒకే కలెక్టరు పరిధిలోకి తెచ్చింది. ఆ తేదీకి ముందు కూడా నది, రహదారి, కూలి పని కోసం సాగే ప్రయాణం జిల్లా గీతను లెక్కచేయలేదన్నది ఇక్కడ గమనార్హం.

రాష్ట్ర సరిహద్దు విషయంలోనూ ఇదే పరిస్థితి. చెన్నై సబర్బన్ రైళ్లు సూళ్లూరుపేట వరకు వస్తాయి. ఆరణియార్ తిరుపతి జిల్లా కొండలలో పుట్టి, పిచ్చాటూరు జలాశయం దాటి తమిళనాడులో ప్రవహించి, పులికాట్‌లో కలుస్తుంది. అంటే శ్రమపరంగా చూస్తే సూళ్లూరుపేట ప్రాంతం చెన్నై వరకు విస్తరిస్తుంది. నీటిపరంగా చూస్తే కాళంగి, ఆరణియార్ పరీవాహకాలు మొత్తం దాని పరిధిలోకి వస్తాయి. కనుక ప్రాంతం ముందే గీసి ఉన్న పటం కాదు. పరిష్కరించవలసిన సమస్యే దాని హద్దును నిర్ణయిస్తుంది.

3. ఒకే సరస్సు, పలు అధికారాలు

పులికాట్ దేశంలో చిలికా తర్వాత రెండవ పెద్ద ఉప్పుకయ్య సరస్సు. దీని అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణ భాగం తమిళనాడులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 1976లోనూ, తమిళనాడు 1980లోనూ తమ తమ భాగాలను పక్షి సంరక్షణ కేంద్రాలుగా ప్రకటించాయి. ఒకే నీటికి రెండు ప్రకటనలు వెలువడ్డాయన్న మాట.

సరస్సు లోతు తక్కువైనది. వానాకాలంలో నదుల నీటితో ఉప్పదనం తగ్గుతుంది, వేసవిలో పెరుగుతుంది; ఉత్తర భాగం చాలావరకు ఎండిపోతుంది. చేపలు, రొయ్యలు పెరగాలంటే సముద్రపు నీరు మొగల ద్వారా వచ్చిపోవాలి. మొగలు ఇసుకతో పూడిపోతే మత్స్యకారుల వేట దెబ్బతింటుంది. 1971లో తొలి ప్రయోగం జరిపిన శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి సూళ్లూరుపేట నుంచి వెళ్లే రోడ్డు సరస్సు మీదుగానే సాగుతుంది. దేశానికి అత్యవసరమైన ఆ రోడ్డు నీటి కదలికకు అడ్డుగా కూడా నిలుస్తుంది. శ్రీహరికోట అడవిపై ఆధారపడి బతికిన యానాదులకు ఆ కేంద్రం రాకతో నివాసమూ జీవనాధారమూ మారాయి. అటవీ, మత్స్య, నీటిపారుదల, రోడ్లు, పరిశ్రమలు, గిరిజన సంక్షేమ శాఖలలో ప్రతి ఒక్కటీ ఈ చిత్రంలో ఒక ముక్కనే చూస్తుంది. మొత్తాన్ని చూడవలసిన స్థానం ఖాళీగా ఉంది.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో ఇచ్చిన తీర్పు చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపు రొయ్యల పరిశ్రమను నిషేధించింది. ఇక్కడ న్యాయస్థానం హద్దును జిల్లాను బట్టి కాక సరస్సును బట్టి గీసింది. అయితే ఎండాకాలంలో వెనక్కు తగ్గి, వానాకాలంలో ముందుకు వచ్చే నీటి అంచుకు 1000 మీటర్లను ఎక్కడ నుంచి కొలవాలి? చట్టం, భూగోళశాస్త్రం, స్థానిక జ్ఞానం మూడూ తెలిసినవారే దీనికి సమాధానం చెప్పగలరు. ప్రాంతీయ నిర్వహణ విద్యార్థికి ఇది సిద్ధంగా ఉన్న పరిశోధన సమస్య.

4. సుస్థిరతకు స్థానిక కొలమానాలు

దొరవారిసత్రం సమీపాన ఉన్న నేలపట్టు చెరువులో గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. పక్షుల రెట్టతో సారవంతమైన చెరువు నీరు కింది పొలాలకు ఎరువుగా ఉపకరిస్తుంది కాబట్టి గ్రామస్థులు ఆ పక్షులను కాపాడుతూ వచ్చారు. 1976లో సంరక్షణ కేంద్రంగా ప్రకటించకముందే ఇక్కడ సంరక్షణకు ఒక ఆర్థిక పునాది ఉంది. ఆ పునాది చెరువు కింద సాగు ఉన్నంతకాలమే నిలుస్తుంది. రైతు కుటుంబం బోరుబావికో ఫ్యాక్టరీ జీతానికో మారితే పక్షితో దాని సంబంధం పలుచబడుతుంది. పక్షుల సంఖ్యతోపాటు ఆయకట్టు స్థితిని కూడా లెక్కించే సూచికే ఇక్కడ సుస్థిరతను సరిగా కొలుస్తుంది.

సరస్సు దక్షిణ భాగంలోని మత్స్యకార గ్రామాలలో ‘పాడు’ అనే కట్టుబాటు ఉంది. వేటకు అనువైన తావులను కుటుంబాలకు వంతులవారీగా కేటాయించడం దీని సారం. ఉమ్మడి వనరులను ప్రజలే నియమబద్ధంగా నిర్వహించుకోగలరని 1990లో వెలువడిన గ్రంథంలో నిరూపించిన ఎలినార్ ఆస్ట్రోమ్‌కు 2009లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఆ సిద్ధాంతానికి పాడు చక్కని ఉదాహరణ. అయితే ఈ హక్కు కులాన్ని ఆధారం చేసుకున్నది. దాని వెలుపలివారికి వంతు లేదు. వనరు నిలవడం, న్యాయం జరగడం ఒకటి కావని, సుస్థిరాభివృద్ధికి రెండూ అవసరమని విద్యార్థి గ్రహించవలసింది ఇక్కడే.

5. పాఠ్యప్రణాళికలో ఉండవలసినవి

విజయవాడలోని ప్రణాళిక, వాస్తుశిల్ప విద్యాసంస్థలోనూ, హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళల విశ్వవిద్యాలయంలోనూ ప్రణాళికా శాస్త్రం, రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో గ్రామీణాభివృద్ధి నిర్వహణ బోధిస్తున్నారు. విశ్వవిద్యాలయాల భూగోళ, అర్థశాస్త్ర శాఖలకు వాటి పాత్ర ఉంది. వీటిని ఒక చోట చేర్చే కోర్సులో నాలుగు అంశాలు తప్పనిసరి.

మొదటిది, సమస్యను బట్టి ప్రాంతపు హద్దు నిర్ణయించడం. రెండవది, సంస్థలను, చట్టాలను చదవడం. 74వ సవరణ ద్వారా వచ్చిన 243జడ్‌డి అధికరణం ప్రకారం జిల్లా ప్రణాళికా సంఘం పంచాయతీల, పురపాలికల ఉమ్మడి ప్రయోజనాలను, నీటి పంపకాన్ని, మౌలిక వసతులను, పర్యావరణ పరిరక్షణను దృష్టిలో ఉంచుకొని ముసాయిదా ప్రణాళిక రూపొందించాలి. దాని సభ్యులలో కనీసం అయిదింట నాలుగు వంతులు ఎన్నికైన స్థానిక ప్రతినిధులే. ప్రాంతీయ నిర్వహణకు రాజ్యాంగంలోనే చోటుందనడానికి ఇది నిదర్శనం. ఆ సంఘం హద్దు జిల్లాతో ఆగిపోవడం దాని పరిమితి. మూడవది, క్షేత్ర పరిశోధన, పరస్పర విరుద్ధ ప్రయోజనాల మధ్య సంప్రదింపులు నడిపే నైపుణ్యం. నాలుగవది, స్థానిక సూచికల రూపకల్పన.

వీటన్నిటికీ భాష ఆధారం. కలుజు, తూము, మొగ, పాడు వంటి మాటల వెనుక నీటిని పంచుకున్న తరాల అనుభవం ఉంది. సిద్ధాంత గ్రంథాలు ఆంగ్లంలో ఉన్నా, గ్రామసభ జరిగేది తెలుగులో. సరస్సుకు దక్షిణాన తమిళం కూడా కావాలి.

6. ముగింపు

సూళ్లూరుపేట పరిసరాలలో అంతరిక్ష కేంద్రం, పారిశ్రామికవాడ, వలస పక్షులు, మత్స్యకారులు, యానాదులు, చెరువు కింది రైతులు ఒకే నీటి చుట్టూ ఉన్నారు. వీరిలో ఎవరి అవసరమూ అసమంజసమైనది కాదు. అందుకే ఇక్కడ నిర్వహణ కష్టం. స్నాతకోత్తర సిద్ధాంతవ్యాసాలు జిల్లాను కాక కాళంగి పరీవాహకాన్ని, పులికాట్ మొత్తాన్ని, ఒక చెరువు ఆయకట్టును యూనిట్‌గా తీసుకుంటే, ఏ ఒక్క శాఖ దగ్గరా లేని సమగ్ర సమాచారం క్రమంగా సమకూరుతుంది. రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు కలిసి ఒకే సరస్సుపై పరిశోధన చేయించడానికి పరిపాలనా హద్దులు అడ్డు కావు. ఆ పని ముందుగా విద్యారంగంలోనే ఆరంభం కావాలి.