ఎముకకు పాకిన క్యాన్సర్ నొప్పికి ఒక్కపూట వైద్యం

అచ్చంపేట: రాచపుండు ఎముకకు పాకిందంటే ఇక చేసేదేమీ లేదని చాలా ఇళ్లలో అనుకుంటారు. రోగిని మంచాన పడుకోబెట్టి, మూలుగు వినలేక ఇంటివాళ్లు బయట అరుగు మీద కూర్చుంటారు. కాస్త ఉన్నవాళ్లు ఎద్దులనో, నాలుగు గుంటల భూమినో అమ్మి పట్నంలో ఆసుపత్రుల చుట్టూ తిరుగుతారు. నిజానికి ఈ రెండు బాధలూ చాలావరకు తప్పించుకోవచ్చు. వ్యాధి పూర్తిగా నయం కాని దశలో కూడా నొప్పిని తగ్గించే వైద్యం ఉంది. అందులో బాగా పనిచేసేవి ఖరీదైనవి కావు. ఒకటి ఒక్కపూటలో ముగిసే రేడియేషన్. రెండోది మార్ఫిన్ మాత్ర.

నొప్పి ఎందుకు?

రొమ్ము, ప్రొస్టేట్ గ్రంథి, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, థైరాయిడ్ గ్రంథి - వీటిలో పుట్టిన క్యాన్సర్ ఎముకలకు పాకడం ఎక్కువ. వెన్నుపూస, నడుము, తుంటి, పక్కటెముకలు, తొడ ఎముక మొదట దెబ్బతింటాయి. మన ఎముక రోజూ కొంత కరుగుతూ, కొంత కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. క్యాన్సర్ కణాలు చేరితే ఈ లెక్క తప్పుతుంది. చాలామందిలో కరిగే పని ఎక్కువై ఎముక గుల్లబారుతుంది. లోపల వాపు వచ్చి నరాలు ఒత్తుకుపోతాయి.

పొలం పనితో వచ్చిన నడుం నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఈ నొప్పి పడుకున్నా తగ్గదు, రాత్రిపూట మరీ సలుపుతుంది, రోజురోజుకూ పెరుగుతుంది. ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన మనిషికి కొన్నేళ్ల తర్వాత ఇలాంటి నడుం నొప్పి వస్తే వాతం అనుకుని ఊరుకోకూడదు. పసరు పట్టీలు, వాతలు పెట్టించుకోవడం, కట్లు కట్టేవారి దగ్గర గట్టిగా మర్దన చేయించుకోవడం ప్రమాదం. గుల్లబారిన ఎముక ఆ ఒత్తిడికే విరగవచ్చు. నొప్పి వచ్చినప్పుడల్లా డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటూ పోతే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆ సూదికి పెట్టే డబ్బు కూడా నెలల మీద తక్కువేమీ కాదు.

ఒక్కసారా, పదిసార్లా?

రేడియేషన్‌ను మన ఊళ్లలో 'కరెంటు పెట్టడం' అంటారు. ఇది కరెంటు కాదు. యంత్రం నుంచి వచ్చే బలమైన కిరణాలు. ఎక్స్‌రే తీసినట్టే బల్ల మీద పడుకోబెడతారు. కోత లేదు, మంట లేదు, ఒక్క విడతకు కొద్ది నిమిషాలే పడుతుంది.

ఈ కిరణాల మోతాదును గ్రే అనే కొలతతో లెక్కిస్తారు. వెనకటి పద్ధతిలో 30 గ్రేలను 10 విడతలుగా, లేదా 20 గ్రేలను 5 విడతలుగా ఇస్తారు. మరో పద్ధతిలో 8 గ్రేలను ఒకేసారి ఇచ్చి పంపేస్తారు. పదిసార్లు పెడితే పదింతల గుణం ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. అది నిజమా కాదా అని అనేక దేశాల్లో పరీక్షించారు. నెదర్లాండ్స్‌లో 1996-98 మధ్య 1171 మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఒకేసారి, మరో జట్టుకు ఆరు విడతలుగా ఇచ్చి చూశారు. రెండు జట్లలోనూ నొప్పి తగ్గినవారు దాదాపు సమానంగా, నూటికి 70 మంది దాకా తేలారు.

తర్వాత 2012లో ఇలాంటి పరీక్షలన్నిటినీ కలిపి లెక్క తీశారు. ఒకేసారి పెట్టించుకున్నవారిలో నూటికి 60 మందికి, పలుమార్లు పెట్టించుకున్నవారిలో 61 మందికి నొప్పి తగ్గింది. పూర్తిగా పోయినవారు మొదటి జట్టులో 23 మంది, రెండో జట్టులో 24 మంది. తేడా కనబడేది ఒక్కచోటే. ఒకేసారి పెట్టించుకున్నవారిలో నూటికి 20 మంది దాకా మళ్లీ ఒకసారి రావలసి వస్తుంది. పలుమార్లు పెట్టించుకున్నవారిలో ఇలా వచ్చేవారు 8 మంది. అంటే అయిదుగురిలో నలుగురికి ఒక్క పూటతో సరిపోయింది.

మన ఊరి లెక్క

అచ్చంపేటలో రేడియేషన్ యంత్రం లేదు, రైలూ లేదు. బస్సులో వంద కిలోమీటర్లు దాటి పట్నం పోవాలి. అప్పాపూర్ వంటి నల్లమల లోపలి చెంచు పెంటల నుంచి అయితే బస్సెక్కే చోటికి చేరడమే ఒక ప్రయాణం. వెన్ను నొప్పితో ఉన్న మనిషికి ఆ దారిలో ప్రతి గుంతా ఒక శిక్ష.

ఖర్చు ఎలా ఉంటుందో ఒక లెక్క వేసి చూద్దాం. రోగి, తోడు ఒకరు. పట్నంలో ఉండటానికీ తినడానికీ ఇద్దరికీ కలిపి రోజుకు 700 రూపాయలు అనుకుందాం. తోడు వచ్చిన మనిషి కూలి పోయింది 500. మొత్తం రోజుకు 1200. పది విడతలంటే వారానికి అయిదు రోజుల చొప్పున, మధ్యలో శని, ఆదివారాలు కలిపి 12 రోజులు. ఖర్చు 14,400. ఒకే విడత అయితే పరీక్షలతో కలిపి రెండు రోజులు అనుకున్నా 2,400.

ఇక మళ్లీ రావలసిన బాధను కూడా లెక్కలో వేద్దాం. ఒకేసారి పెట్టించుకునేవారు అయిదుగురు వెళ్లారు. వారిలో ఒకరు రెండోసారి వెళ్లారు. ఆరు ప్రయాణాలకు ఆరు రెండు వేల నాలుగు వందలు, అంటే 14,400. పదివిడతల పద్ధతిలో ఒక్క ఇంటికయ్యే ఖర్చుతో ఇక్కడ అయిదు ఇళ్లు గట్టెక్కాయి. నెదర్లాండ్స్‌లో కూడా మళ్లీ చేసిన వైద్యంతో సహా లెక్క తీసి, ఒకే విడత పద్ధతికి సుమారు నాలుగో వంతు ఖర్చు తక్కువని 2003లో ప్రచురించారు. ఆసుపత్రికీ మేలే. ఒకరికి పదిసార్లు వాడే యంత్రం మీద పది మందికి వైద్యం చేయవచ్చు. క్యూ తగ్గుతుంది.

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అదే నెల నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు. చికిత్స ఖర్చు, బస్సు ఖర్చు ఇలా కొంత తీరినా పోయిన కూలిని తిరిగి ఇచ్చే కార్డు లేదు. అందుకే రోజులు తగ్గడం పేదవాడికి అసలైన ఆదా.

ఒక్క జాగ్రత్త. కిరణాలు పెట్టిన మర్నాడే నొప్పి పోదు. ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొందరికి మొదటి రెండు మూడు రోజులు నొప్పి పెరుగుతుంది కూడా. దానికి మందు ఉంది. 'పట్నం పోయి వచ్చినా తగ్గలేదు' అని వెంటనే ఆశ వదులుకోకూడదు. ఈలోగా నొప్పి మాత్రలు ఆపకూడదు. ఎముక విరిగి ఆపరేషన్ అయినవారికి, వెన్నుపాము ఒత్తుకుపోయినవారికి, అదే చోట ముందే కిరణాలు పెట్టించుకున్నవారికి విడతల సంగతి డాక్టరు వేరుగా తేలుస్తారు.

మార్ఫిన్ అంటే భయం

నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ చాలా పాత మందు. మాత్రగా ఖరీదైనది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సుతో గసగసాల పంట వేస్తారు. ఘాజీపూర్, నీమచ్‌లలో సర్కారు ఫ్యాక్టరీలు ఉన్నాయి. పంట మన దగ్గర ఉన్నా మందు మన రోగికి అందలేదు. మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చాక ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ ఉంచడానికే జంకాయి. దేశంలో వైద్యానికి వాడిన మార్ఫిన్ 1985లో 573 కిలోలు ఉండగా 1997 నాటికి 18 కిలోలకు పడిపోయింది. చట్టాన్ని 2014లో సవరించి, పలు లైసెన్సుల బాధ తీసేసి గుర్తింపు పొందిన ఆసుపత్రులకు దారి సులువు చేశారు.

ఇళ్లలో ఉండే భయం వేరు. అలవాటు పడిపోతారని, ఇది చివరి ఘడియల మందని అంటారు. నొప్పి ఉన్న మనిషి డాక్టరు చెప్పిన లెక్కన వాడితే తాగుడులాంటి వ్యసనం అవడం అరుదు. నొప్పి వచ్చేదాకా ఆగి వేసుకోకూడదు. మామూలు మాత్రను నాలుగు గంటలకోసారి, గడియారం చూసుకుని వేసుకోవాలి. మొదట్లో మగతగా, వికారంగా ఉంటుంది, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం తప్పదు. దానికి విరేచనపు మందు మొదటి రోజు నుంచే తీసుకోవాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మోతాదు తగ్గించాలి. ఒకరి మాత్ర మరొకరికి ఇవ్వకూడదు, పిల్లలకు అందకుండా పెట్టెలో దాచాలి, అడగకుండా ఉన్నట్టుండి ఆపేయకూడదు.

ఎముకకు సూది మందు

ఎముక కరగకుండా ఆపే జోలెడ్రోనిక్ ఆమ్లం అనే మందును నరంలోకి 15 నిమిషాలు ఎక్కిస్తారు. ఎముకలు విరగకుండా కాపాడటమే దీని ముఖ్యమైన పని. నొప్పి కూడా కొంత తగ్గుతుంది. ఇదివరకు నాలుగు వారాలకోసారి ఇచ్చేవారు. పన్నెండు వారాలకోసారి ఇచ్చినా గుణం తగ్గలేదని అమెరికాలో 1822 మంది మీద చేసిన పరీక్షలో 2017లో తేలింది. అంటే ఏడాదికి 13 సార్లకు బదులు నాలుగైదు సార్లు పోతే చాలు. డెనోసుమాబ్ అనే కొత్త సూది దీనికంటే చాలా ఖరీదు. ఏది రాసినా ముందు మూత్రపిండాల పరీక్ష, పళ్ల పరీక్ష చేయించుకోవాలి. ఈ మందుల మీద ఉండగా పన్ను పీకిస్తే దవడ ఎముక మానకుండా పుండు పడే ప్రమాదం ఉంది.

ఎక్కడ అడగాలి?

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి ఉన్న ప్రభుత్వ సంస్థ. మెహదీ నవాజ్ జంగ్ పేరున వెలిసింది. అక్కడ రేడియేషన్‌తోపాటు నొప్పి నివారణకు ప్రత్యేక విభాగం ఉంది. రాష్ట్ర ప్రభుత్వం జిల్లాల్లోనూ పాలియేటివ్ కేర్ కేంద్రాలు పెట్టింది. లేవలేని రోగుల ఇంటికి నర్సులు వచ్చి చూసే వాహనానికి 'ఆలన' అని పేరు. అచ్చంపేట, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో గానీ, ఊరి ఆశా కార్యకర్తను గానీ ఆ కేంద్రం సంగతి అడగాలి. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన ఇలాంటి సేవ ఊరూరా పాకడానికి కారణం డాక్టర్లు ఒక్కరే కాదు. ఇరుగుపొరుగు వారు వంతులు వేసుకుని రోగిని చూసుకోవడం.

కొన్నిటికి మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. వెన్ను నొప్పితోపాటు కాళ్లు తిమ్మిరెక్కడం, బలం తగ్గి తూలడం, మూత్రం బిగుసుకుపోవడం కనిపిస్తే వెన్నుపాము ఒత్తుకుంటోందన్నమాట. ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి. ఆలస్యమైతే కాళ్లు తిరిగి రావు. కాలు మోపగానే తొడలో భరించలేని నొప్పి వస్తే ఎముక విరిగే దశలో ఉండవచ్చు. నడిపించకుండా మంచం మీదే తరలించాలి.

పట్నం పోయేవారు పాత కాగితాలు, ఎక్స్‌రేలు, ఆధార్, రేషన్ కార్డు వెంట తీసుకుపోవాలి. డాక్టరును మొహమాటం లేకుండా మూడు మాటలు అడగాలి. మాది దూరపు ఊరు, కిరణాలు ఒకేసారి పెట్టడానికి వీలవుతుందా? ఇంటి దగ్గర వాడుకోవడానికి మార్ఫిన్ రాసిస్తారా, అది మాకు దగ్గరలో ఎక్కడ దొరుకుతుంది? నొప్పి మళ్లీ వస్తే ఎవరికి చెప్పాలి? ఇవి అడిగితే డాక్టరు ఏమనుకుంటారోనని జంకనక్కర లేదు. ఆ జంకుతోనే చాలా ఇళ్లలో రాత్రులు నిద్ర లేకుండా గడుస్తున్నాయి.