ఎండకాలపు పాలు: నీళ్ళు కలిపినవేనా?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములు నేడు ఇండ్లతో కిక్కిరిసియున్నవి. అచట పశువును కట్టుటకు తావు దొరకుట అరుదు. అందువలన నగరపు తూర్పుభాగమునకు విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ రహదారి వెంబడి గల గ్రామములనుండి పాలు రావలసియున్నది. ఈ గ్రామములలో ఎండకాలము వచ్చినంతనే పాల కేంద్రముల వద్ద తగాదాలు పుట్టుట కద్దు. శీతకాలమున చిక్కగానున్న పాలు వైశాఖము నాటికి పలుచబడును. వెల తగ్గును. రైతు నీళ్ళు కలిపినాడను నింద బయలుదేరును. ఆ తగవు పంచాయతీ ముందునకు వచ్చినపుడు సభ్యులు నేలను, ఋతువును కూడ విచారింపవలెను.

మనది సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల ఎత్తుననున్న దక్కను పీఠభూమి. చలక నేలలు నీటిని ఎక్కువకాలము నిలుపుకొనలేవు. వానలు ముఖ్యముగా జూన్ నుండి సెప్టెంబరు వరకే. పిమ్మట పచ్చిమేత తఱిగి వరిగడ్డియు, జొన్నచొప్పయు మిగులును. వరిగడ్డియందు మాంసకృత్తులు మిక్కిలి స్వల్పము. దీనికి తోడు ఎండ 40 డిగ్రీలకు చేరును. గేదె నల్లని చర్మము వేడిని త్వరగా గ్రహించును. దానికి చెమట గ్రంథులు ఆవుకన్న తక్కువ. అది మేత తగ్గించును, నెమరు తగ్గించును. పాలును, పాలలోని సారమును రెండును తఱుగును. పచ్చగడ్డి తిన్న పశువు పాలు ఎల్లపుడు చిక్కగానుండునని పలువురి నమ్మకము. తొలకరి లేతగడ్డి విషయమున ఇది నిజము కాదు. దానిలో పీచు తక్కువగుటచే వెన్నశాతము తగ్గును. ఎండుమేత కలిపి పెట్టుట మేలు.

లాక్టోమీటరు విషయము కొంత వివరముగా చెప్పవలసియున్నది. అది ఒక నియమిత ఉష్ణోగ్రతకు గుర్తులు వేయబడిన పరికరము. వేడిగానున్న పాలలో అది ఎక్కువ లోతునకు దిగి, స్వచ్ఛమైన పాలను సైతము నీళ్ళపాలుగా చూపును. అప్పుడే పితికిన పాలలోని గాలిబుడగలును ఇట్లే మోసగించును. వెన్న తీసి నీళ్ళు కలిపిన పాలనో, అది మంచి పాలుగానే చూపవచ్చును! నిజాయితీపరుడు దండుగ చెల్లింప, టక్కరి తప్పించుకొనుట మాకు న్యాయముగా తోచదు. వెన్నశాతమును, వెన్న కాని ఘనపదార్థములను రెండింటిని పరీక్షింపవలెను.

పాలు విరుగుట వేఱు సంగతి. పితికిన పాల వెచ్చదనమునందు సూక్ష్మజీవులు అరగంటలోనే ఇనుమడింపగలవు. 4 డిగ్రీలకు చల్లార్చినచో వాటి వృద్ధి మందగించును. హయత్‌నగర్ డెయిరీకి పోవు పాలైనను, గ్రామమునందే చల్లబడుట ముఖ్యము. శీతలీకరణ కేంద్రమునకు స్థలము, కరెంటు, పశువుల నీటితొట్టి, నీడనిచ్చు చెట్లు పంచాయతీ చేయగల పనులు.

ఇక నింద వచ్చినపుడు ఒక సులభోపాయము గలదు. ఆ రైతు గేదెను మరునాడు అదే వేళకు ఇద్దరు సభ్యుల యెదుట పూర్తిగా పితికించి, ఆ పాలను పరీక్షింపవలెను. చివరి ధారలయందే వెన్న అధికము. వాటిని దూడకు విడుచు ఇంట పాలు పలుచగానుండుట సహజము. రెండు పరీక్షల అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి, రైతునకు చూపి, ఆ తరువాతనే తీర్పు చెప్పవలెను.