మీరెవరమ్మా?

ఊళ్లో పొదుపు సంఘం సమావేశం. పట్నం నుండి బ్యాంకు ఆఫీసరు వచ్చారు. "ఒక్కొక్కరే లేచి మీ గురించి చెప్పండమ్మా" అన్నారు. అంతే! అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్న వాళ్లంతా తలలు దించుకున్నారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె పక్కామెను మోచేత్తో పొడిచింది. "నువ్వు చెప్పు." "నువ్వే చెప్పక్కా." చివరికి ఒకామె లేచి, "నేను ఫలానా వాళ్ల కోడలినండీ" అని గబుక్కున కూర్చుంది.

ఇలాంటిది చాలా ఊళ్లలో జరిగేదే. ఆమె చెప్పింది అబద్ధం కాదు. కాని అందులో ఆమె పేరు లేదు. ఆమె చేసే పని లేదు. అప్పు ఇవ్వడానికి వచ్చిన మనిషికి ఆమె గురించి ఏమీ తెలియలేదు.

మన పేరు ఎక్కడికి పోయింది? పుట్టినప్పుడు అమ్మా నాన్నా ముద్దుగా పెట్టుకున్నారు. పెళ్లయి అత్తవారింటికి వచ్చిన రోజున ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "పేర్లు చెబితేనే లోపలికి రానిస్తాం" అంది. కొత్త కోడలు సిగ్గుపడుతూ తన పేరూ, భర్త పేరూ చెప్పింది. అందరూ నవ్వారు. ఆ తర్వాత నలుగురిలో తన పేరు చెప్పే పని ఆమెకు మళ్లీ పడలేదు. పుట్టింటి ఊరును బట్టి "ఏలూరామె" అన్నారు. కొడుకు పుట్టాక "ఫలానా వాడి అమ్మ" అన్నారు. ఆ పిలుపుల్లో ఆప్యాయత ఉంది. కాదనలేం. కాని బ్యాంకు పుస్తకంలో, ఆధార్ కార్డులో, పొలం పాసు పుస్తకంలో ఆ పిలుపులు పనికిరావు.

అందుకని ముందు పేరు చెప్పాలి. ఇంటిపేరుతో సహా చెప్పాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. మార్చుకోవడం, మానడం ఆమె ఇష్టం. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఒక కార్డులో పుట్టింటి పేరు, ఇంకోదాంట్లో మెట్టినింటి పేరు ఉన్నప్పుడు. అప్పుడు రావలసిన డబ్బు ఆగిపోతుంది. ఇంట్లో ఉన్న కార్డులన్నీ ఒకసారి ముందేసుకుని చదవండి. అన్నిట్లో ఒకేలా ఉందా? ఇప్పుడు ఇంకొకరిని అడగక్కర్లేదు కదా.

పేరు తర్వాత కుటుంబం. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఏం చదువుతున్నారు, ఈ నాలుగు ముక్కలు చాలు. భర్త చనిపోయినామె ఉంటుంది. భర్తతో విడిగా ఉన్నామె ఉంటుంది. కారణాలు అందరికీ చెప్పుకోనక్కర్లేదు. "నా పిల్లల్ని నేనే పెంచుకుంటున్నాను" అంటే చాలు. ఎవరైనా గుచ్చిగుచ్చి అడిగితే, అడిగినవాళ్లదే తప్పు.

ఇక పని. ఇక్కడే మన ఆడవాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు. "ఏం పని చేస్తావమ్మా?" అంటే "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటా" అంటారు. ఆమె నిజంగా ఇంట్లోనే ఉంటుందా? తెల్లవారక ముందే గేదె పాలు పితుకుతుంది. పేడ తీస్తుంది. గడ్డి కోసుకొస్తుంది. నాట్లకు వెళుతుంది. కలుపు తీస్తుంది. సొంత పొలంలో మిరపకాయలు కోస్తుంది. సొంత పొలంలో చేస్తే కూలి డబ్బులు రావు కాబట్టి, అది పనే కాదనుకుంటుంది.

జనాభా లెక్కల వాళ్లు అలా అనుకోరు. 2001లోనూ, 2011లోనూ లెక్కలు రాసినప్పుడు వాళ్లకు ఒక నియమం ఉంది. సొంత పొలంలో కూలి లేకుండా చేసినా అది పనే. ఇంటి వాడకం కోసమే పాలు తీసినా అది పనే. ఏడాదిలో ఆరు నెలలు గాని, అంతకు మించి గాని అలా పనిచేస్తే ఆమె ప్రధానంగా పనిచేసే మనిషి కింద లెక్క. కాని లెక్క రాసే ఆయనకు ఆమె ఏం చెబితే అదే తెలుస్తుంది. చాలాసార్లు ఆమెను అడగరు కూడా. గుమ్మంలో ఉన్న మగవాళ్లను అడిగి రాసుకుంటారు. వాళ్లు "మా ఆడవాళ్లు ఏం చేయరండీ" అంటే, ఒక రైతు పేరు లెక్కలోంచి ఎగిరిపోయినట్టే.

వంట, అంట్లు, బట్టలు, పిల్లల ఆలనాపాలనా మాత్రం ఆ లెక్కల్లో పని కింద రావు. ఇది న్యాయమా అంటే కాదు. అయినా అది నియమం. కాబట్టి పొలం పనీ, పశువుల పనీ తప్పకుండా నోటితో చెప్పాలి.

సంఘంలో ఒక తల్లి ఇలా చెప్పుకోవచ్చు. ముందు తన పేరు చెబుతుంది. తర్వాత, "మాకు ఎకరం పొలం ఉంది. నేనూ, మా ఆయనా సాగు చేస్తాం. రెండు గేదెలున్నాయి. పాలకేంద్రానికి రోజూ నాలుగు లీటర్లు పోస్తాను. సంఘంలో ఇంతవరకు ఒక్క కిస్తీ కూడా తప్పలేదు" అంటుంది. దీనికి నిమిషం పట్టదు. బ్యాంకు ఆయనకు కావలసింది ఈ మాటలే.

చదువు సంగతి. "నాకు చదువు రాదండీ" అనే మాట నోటికి అలవాటైపోయింది. ఇక మానాలి. ఏడేళ్లు నిండిన మనిషి ఏదో ఒక భాషలో చదివి, అర్థం చేసుకుని, రాయగలిగితే జనాభా లెక్కల్లో అక్షరాస్యుల కింద రాస్తారు. బడికి వెళ్లారా, పరీక్ష రాశారా అని చూడరు. ఈ పేజీ చదివి అర్థం చేసుకుని, రాయడం కూడా వచ్చినామె అక్షరాస్యురాలే.

ఆలస్యంగా చదివాను అని చెప్పుకోవడానికి సిగ్గెందుకు? దుర్గాబాయి 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ కాపురం వద్దన్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. ఇరవై ఏళ్లు దాటాక మెట్రిక్ పరీక్ష రాశారు. తర్వాత డిగ్రీ, ఆపైన లా చదివి, మద్రాసులో వకీలు అయ్యారు. మన రాజ్యాంగం రాసిన సభలో సభ్యురాలయ్యారు. 1953లో దేశ ఆర్థిక మంత్రి దేశ్‌ముఖ్‌ను పెళ్లాడారు. అయినా ఆమెను ఎవరూ మంత్రిగారి భార్యగా గుర్తుంచుకోలేదు. ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయిగానే గుర్తుంచుకున్నారు.

చివరిది, మనం దేన్ని గట్టిగా నమ్ముతాం అన్నది. "నేను మంచిదాన్ని" అని చెప్పుకుంటే నలుగురూ నవ్వుతారు. చేసిన పని చెబితే వింటారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు చదువు కేంద్రంలో సారా గురించిన పాఠం చదివారు. ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ పోరాటం జిల్లా దాటి పాకింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటంలో ముందు నిలబడినామెను జనం దూబగుంట రోశమ్మ అన్నారు. ఊరి పేరే ఆమెకు ఇంటిపేరు అయింది. అంత పెద్ద పోరాటమే చేయాలని ఏమీ లేదు. "మా అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండేదాకా పెళ్లి చెయ్యను, చదివిస్తున్నా" అన్నా ఆమె ఎలాంటి మనిషో తెలిసిపోతుంది.

మొదటిసారి గొంతు వణుకుతుంది. ఇంట్లో పిల్లల ముందు రెండుసార్లు చెప్పి చూసుకోండి. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. ఆఫీసులో ఎవరైనా మీ గురించి కాగితం రాస్తుంటే, పని అన్నచోట ఏం రాశారో మీరే చదవండి. "గృహిణి" అని మాత్రమే ఉంటే, "నేను వ్యవసాయం కూడా చేస్తానండీ, అది రాయండి" అనండి. దిద్దిన తర్వాతే సంతకం పెట్టండి.