మోరీ నీళ్లు చెప్పిన లెక్క

ముఖచిత్రం మీదికి సింహం కావాలన్నారు ఎడిటర్ గారు. "మన ప్రయోగశాలల్లో ఈ మధ్య జీవశాస్త్రంలో ఏమేం జరిగిందో అంతా ఒక చోట పెట్టి రాయవయ్యా. జంతువులుంటే మరీ మంచిది, పిల్లలు కూడా పేజీ తిప్పుతారు. శుక్రవారం సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోవాలి." దానికో షరతు కూడా పెట్టారు. కథ చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పాఠకుడికి తన వీధిలోదే అనిపించాలట.

సింహాల సంగతి ఉంది, కింద బాక్సులో రాశాను. కానీ పోగేసిన కాగితాల్లో నన్ను కదలనివ్వనిది వేరే ఒకటి. 2020 ఆగస్టులో హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, దాని పొరుగునే ఉన్న రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ కలిసి మురుగునీటి మీద చేసిన పరిశోధన అది. ఫోన్ చేసి చెప్తే ఎడిటర్ గారు కాసేపు మాట్లాడలేదు. "ఆదివారం పొద్దున ఇడ్లీ తింటూ చూసే పుస్తకం మీద మురుగు వేస్తామా?" అన్నారు. మురుగు బొమ్మ వద్దు సార్, లెక్క వేద్దామన్నాను. ముఖచిత్రం మీద చివరికి ఏం పడిందో మీకు తెలిసే ఉంటుంది.

వడపోస్తే దొరికిన వైరస్

టాంక్‌బండ్ దాటిన హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ల నాలా కవాడిగూడ, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట మీదుగా మూసీ వైపు పోతుంది. దాని మీది వంతెనలు దాటేటప్పుడు ముక్కు మూసుకోని వాళ్లు ఈ పేటల్లో ఉండరు. ఈ వైపు మురుగుకు గమ్యం అంబర్‌పేట శుద్ధి కేంద్రం. రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేయడానికి కట్టింది. ఇలాంటి కేంద్రాలకు వచ్చే నీళ్లను పరిశోధకులు సీసాల్లో పట్టుకెళ్లి, వడపోసి, గాఢత పెంచి, అందులో కరోనా వైరస్ తాలూకు ఆర్‌ఎన్‌ఏ ముక్కల కోసం వెతికారు. పత్రం మీద మొదటి పేరు మనుపాటి హేమలతది. ఐఐసీటీ నుంచి ఎస్. వెంకటమోహన్, సీసీఎంబీకి అప్పటి డైరెక్టర్ రాకేశ్ మిశ్రా పేర్లు కూడా ఉన్నాయి.

ఊపిరితిత్తుల జబ్బు అనుకున్నదాని జాడ మోరీలోకి ఎలా వచ్చింది? ఇక్కడే శరీరధర్మశాస్త్రం అక్కరకొస్తుంది. కరోనా వైరస్ మన కణంలోకి దూరడానికి పట్టుకునే గొళ్లెం ఏస్-2 అనే ప్రొటీన్. అది వైరస్ కోసం పుట్టింది కాదు. రక్తపోటును నడిపించే ఆంజియోటెన్సిన్ హార్మోన్‌ను కత్తిరించడం దాని పని. చిన్న పేగు గోడల మీద దానికి ఇంకో ఉద్యోగం కూడా ఉంది: తిన్న మాంసకృత్తులు అమైనో ఆమ్లాలుగా విడిపోయాక, వాటిని లోపలికి చేరవేసే మరో ప్రొటీన్‌కు అది ఆసరాగా నిలబడుతుంది. అందుకే చిన్న పేగులో ఏస్-2 దండిగా ఉంటుంది. అన్నం అరిగించుకోవడానికి ఒళ్లు చేసుకున్న ఏర్పాటులోకి వైరస్ చొరబడి పెరిగింది. దగ్గు లేకపోయినా, జ్వరం రాకపోయినా మలంలో దాని ఆర్‌ఎన్‌ఏ పోతూనే ఉంటుంది. సోకిన మనిషి 35 రోజుల వరకు ఇలా విసర్జిస్తాడని పరిశోధకులు లెక్కలోకి తీసుకున్నారు.

ఆర్‌ఎన్‌ఏ ముక్క ఉందంటే బతికున్న వైరస్ ఉందని కాదు. ఆ రోజుల్లో ఈ తేడా తెలియక నాలా పక్క ఇళ్లవాళ్లు కిటికీలు మూసుకున్నారు. దోమల కోసమైతే మూసుకోవచ్చు.

కాగితం మీద హెచ్చవేతలు

ఇక లెక్క. లీటరు మురుగులో ఎన్ని ఆర్‌ఎన్‌ఏ ప్రతులున్నాయో పీసీఆర్ యంత్రం చెబుతుంది. దాన్ని రోజుకు కేంద్రానికి వచ్చే లీటర్లతో హెచ్చవేస్తే ఆ రోజు వచ్చిన మొత్తం ప్రతులు తేలతాయి. సోకిన ఒక మనిషి రోజుకు విసర్జించే ప్రతులతో దాన్ని భాగిస్తే ఎంతమందో వస్తుంది. గుమ్మం ముందు చెప్పుల జతలు లెక్కపెట్టి లోపల ఎంతమంది చుట్టాలున్నారో చెప్పడం లాంటిది. ఎవరి చెప్పులో తెలియనక్కర్లేదు, ఎవరినీ పిలిచి ముక్కులో పుల్ల పెట్టనక్కర్లేదు.

నగరంలోని శుద్ధి కేంద్రాల్లో 80 శాతం నుంచి నమూనాలు తీశారు. వాటిని బట్టి దాదాపు 2 లక్షల మంది వైరస్ జాడను విసర్జిస్తున్నారని తేలింది. కానీ హైదరాబాద్ అప్పట్లో రోజుకు వాడిన 180 కోట్ల లీటర్లలో శుద్ధి కేంద్రాలకు చేరింది 40 శాతమే. మిగతాది ఎటు పోయేదో అశోక్‌నగర్ నాలా పక్కన నిలబడితే ముక్కే చెప్పేది. ఆ మిగతాదాన్ని కూడా కలుపుకుంటే నగరంలో 6.6 లక్షల మంది, అంటే జనాభాలో దాదాపు 6 శాతం, 35 రోజుల విడతలో ఏదో ఒక దశలో సోకినవాళ్లని ఈ ఫలితాల మీద విడుదలైన ప్రకటన చెప్పింది. అప్పటికి రాష్ట్రం మొత్తం మీద అధికారిక కేసులు ఇంకా లక్ష దాటలేదు.

నేను ఇంట్లో పెన్సిల్ తీసుకుని కూర్చున్నాను. 40 శాతంలో 80 శాతం అంటే 32 శాతం. 2 లక్షలను 0.32తో భాగిస్తే 6.25 లక్షలు. 2 లక్షల పక్కన "దాదాపు" ఉంది కాబట్టి, అసలు అంకె 2.1 అనుకుంటే 6.6కు చేరుకుంటాం. అదే ప్రకటనలో ఇంకో అంకె ఉంది: ఆ సమయానికి జబ్బుతో ఉన్నవాళ్లు 2.6 లక్షల మంది కావచ్చని. ఇది ఎలా వచ్చిందో అక్కడ విప్పి చెప్పలేదు. 35 రోజుల్లో 14 రోజులు మాత్రమే జబ్బు చురుగ్గా ఉంటుందనుకుని 6.6ను 14తో హెచ్చవేసి 35తో భాగిస్తే 2.64 వస్తుంది. వాళ్లు ఇలాగే చేశారో లేదో గానీ, అంకె మాత్రం సరిపోయింది. పేపర్లో పెద్దక్షరాలతో వచ్చిన అంకె వెనక ఇంత తేలిక గుణకారం ఉండటం నాకు నచ్చింది. దాచుకోవడానికేమీ లేని లెక్క అది.

నచ్చింది కదా అని కళ్లు మూసుకుని నమ్మలేను. ఒక్కో మనిషి మలంలో వైరస్ ప్రతులు గ్రాముకు వేలల్లో ఉండొచ్చు, కోట్లలో ఉండొచ్చు. భాగహారంలో కింద ఉండే అంకె ఇంత ఊగుతుంటే పైన వచ్చే జవాబు ఊగక మానదు. పీసీఆర్‌లో ప్రతి చక్రానికీ ప్రతులు రెట్టింపవుతాయి. మూడు చక్రాల పైచిలుకు తేడా వస్తే పది రెట్ల తేడా. పొద్దున ఆరింటికి తీసిన నమూనా, మధ్యాహ్నం తీసిన నమూనా ఒకటి కావు. పైగా వానాకాలం: నీళ్లు పలచబడతాయి, వరద పెరుగుతుంది, కొంత మురుగు కేంద్రానికి రాకుండానే పొంగి పక్కదారి పడుతుంది.

ఇవన్నీ శాస్త్రవేత్తలకు తెలియనివి కావు. ఎంత ఊగిసలాట ఉన్నా దాన్ని కొలవొచ్చు, మళ్లీ కొలవొచ్చు. నా అసలు అనుమానం యంత్రం మీద కాదు, ఊరి మీద.

అశోక్‌నగర్‌లో ఎంతమంది ఉంటారు?

6.6 లక్షలు 6 శాతమైతే నూరు శాతం 1.1 కోట్లు. ఆ 1.1 కోట్లు ఎవరు లెక్కపెట్టారు? చివరి జనగణన 2011లో జరిగింది. అప్పుడు జీహెచ్‌ఎంసీ పరిధిలో 67 లక్షల పైచిలుకు. 2021లో జరగాల్సింది జరగలేదు. మిగతాదంతా అంచనా.

అశోక్‌నగర్‌నే తీసుకోండి. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల నోటిఫికేషన్ పడితే ఒక జనాభా, రద్దయితే ఇంకో జనాభా. నలుగురు పట్టే గదిలో ఆరుగురు, మెస్సుల ముందు బారులు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ కోసం పొద్దున్నే పరుగు. 2020 వేసవిలో లాక్‌డౌన్ పడ్డాక ఈ హాస్టళ్లన్నీ ఖాళీ అయ్యాయి. పిల్లలు మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు పోయారు. వాళ్లు లేని అశోక్‌నగర్ మురుగును కొలిచి, వాళ్లున్నట్టు అనుకునే జనాభాతో పోల్చితే వచ్చే శాతానికి అర్థమేమిటి? ఇప్పుడు మళ్లీ కిటకిటలాడుతున్న ఆ వీధుల్లో ఒక కుర్రాణ్ని అడిగాను, నీ పేరు ఏ ఊరి లెక్కలో ఉందని. "ఓటు మా ఊర్ల, తిండి ఈడ. ఇంగ లెక్కల యాడున్ననో నాకేం తెలుసన్నా" అన్నాడు. సైన్స్ అండ్ టెక్నాలజీ పేపర్ కోసం మురుగునీటి నిఘా గురించి నోట్సు రాసుకున్నాడట. అది తన గది కింది మోరీ గురించేనని చెప్తే కాసేపు నమ్మలేదు.

మోరీకి ఈ గొడవ లేదు. ఓటరు కార్డు ఎక్కడుందో అడగదు. ఆ పూట ఎవరు ఇక్కడ తిని, ఇక్కడ నీళ్లు పోసుకున్నారో వాళ్లనే లెక్కపెడుతుంది. అందుకే ప్రయోగశాల చెప్పిన 2 లక్షల దగ్గర ఆగమంటే ఆగుతాను. దాన్ని 6.6 లక్షలు చేసిన 40 శాతం దగ్గరా, 6 శాతం చేసిన 1.1 కోట్ల దగ్గరా నా పెన్సిల్ తటపటాయిస్తుంది. పైగా మురుగు శుద్ధి కేంద్రానికి చేరే పేటలూ, చేరని పేటలూ ఒకే తీరుగా జబ్బు పడ్డాయనుకుంటేనే ఈ గుణకారం చెల్లుతుంది. ఇరుకు గదుల్లో ఉండేవాళ్లకూ విడి ఇళ్లలో ఉండేవాళ్లకూ అంటువ్యాధి ఎప్పుడూ ఒక తీరుగా పంచలేదు.

ఈ లెక్కను సరిచూసుకోవడానికి ఏడు నెలల తర్వాత ఇంకో కాగితం దొరికింది. 2021 మార్చిలో సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి నగరంలోని 30 వార్డుల్లో సుమారు 9 వేల మంది రక్తం పరీక్షించిన ఫలితాలు ప్రకటించాయి. 54 శాతం మందిలో ప్రతిరక్షకాలు ఉన్నాయి. వాళ్లలో నూటికి 75 మందికి తమకు సోకిందన్న సంగతే తెలియదు. ఇప్పుడు మోటుగా చూద్దాం: 35 రోజులకు 6 శాతం చొప్పున ఆరు విడతలు వేసుకుంటే 36 శాతం. రక్తం చెప్పింది 54. జబ్బు ప్రతి విడతలోనూ ఒకే జోరుతో ఉండదు కాబట్టి ఇది పద్ధతిగా చేసే పోలిక కాదు, నాకు తెలుసు. అయినా రెండు లెక్కలూ ఒకే వీధిలో నిలబడ్డాయి. పది రెట్లు తేడా వచ్చి ఉంటే ఈ కథనం మీ చేతిలో ఉండేది కాదు, సింహమే ఉండేది.

శుద్ధి అయి బయటికి వచ్చే నీళ్లలో వైరస్ జాడ కనిపించలేదన్నది ఆ ప్రకటనలో అందరూ దాటేసిన వాక్యం. మూసీ వెంబడి గడ్డి, ఆకుకూరలు పెంచేవాళ్లకు అది మంచి కబురే, ఆ 40 శాతం నీళ్ల వరకు.

చరిత్ర కూడా కొంచెం ఉండాలన్నారు ఎడిటర్ గారు, కాబట్టి గబగబా: 1854లో లండన్‌లో జాన్ స్నో కలరాను బోరింగు పంపు దాకా తరుముకెళ్లాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా జాడ పట్టాడు, నల్లకుంట ఫీవరాసుపత్రికి ఆయన పేరే పెట్టారు. 1908 సెప్టెంబరులో మూసీ ఊరిని ముంచాక విశ్వేశ్వరయ్య వచ్చారు, జలాశయాలతో పాటు భూగర్భ మురుగు కాలువల పథకమూ వేశారు. 1977లో పుష్ప మిత్ర భార్గవ సారథ్యంలో సీసీఎంబీ మొదలైంది. పోలియో వైరస్ కోసం ముంబయి మురుగును 2001 నుంచే వెతుకుతున్నారు. 2020లో ఈ దారులన్నీ అంబర్‌పేటలో కలిశాయి.

మళ్లీ జనగణన 2027లో జరగనుంది. గణకులు వచ్చే రోజుకు అశోక్‌నగర్ హాస్టళ్లలో ఎంతమంది ఉంటారన్నది ఏ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

బాక్స్ 1: సింహాలదీ అదే దారి

2021 మేలో నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని 8 ఆసియా సింహాలకు కరోనా సోకినట్టు తేలింది. దేశంలో జంతువులకు సోకినట్టు నిర్ధారణ కావడం అదే మొదలు. పరీక్ష చేసింది సీసీఎంబీకి చెందిన లాకోన్స్ విభాగం. ముక్కులోంచి, గొంతులోంచి నమూనా తీయాలంటే సింహానికి మత్తివ్వాలి. మత్తు అన్నిసార్లూ క్షేమం కాదు. అందుకని మలంలోంచే వైరస్‌ను పట్టే పద్ధతి మీద పని జరుగుతోందని అప్పుడే ప్రకటించారు. అంటే ఎడిటర్ గారి సింహం కూడా చివరికి నా మురుగు కథలోకే వచ్చింది. ఆయనకు ఇంకా చెప్పలేదు.

బాక్స్ 2: నారాయణగూడ సూదిమందు

నారాయణగూడలో ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అంటే చాలామందికి కుక్కకాటు టీకా. ఆఫ్రికా ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా. 2020లో కరోనా నమూనాలు పరీక్షించిన ప్రభుత్వ ప్రయోగశాలల్లో అదొకటి. పెద్దవాళ్లు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులని ఇప్పటికీ భయపెడతారు. అవి గొర్రె మెదడులో పెంచిన వైరస్‌తో చేసిన టీకాలు. రేబిస్ వైరస్ నరాల వెంట మెదడుకు పాకుతుంది, మెదడులో బాగా పెరుగుతుంది, అందుకే గొర్రె మెదడు. కానీ మందుతో పాటు లోపలికి వెళ్లే మెదడు పదార్థం మీద మన ఒళ్లు తిరగబడితే, కొద్దిమందికి కాళ్లుచేతులు పడిపోయేవి. 2004 చివరికి దేశంలో ఆ టీకాల తయారీ ఆపేశారు. ఇప్పటివి ప్రయోగశాలలో పెంచిన కణాల్లో తయారైనవి. వేసేది బొడ్డు చుట్టూ కాదు, భుజానికి.