మే నెలలో నాన్నకు ఎన్ని రోజులు?

తెలుగు రాష్ట్రాల్లో బడిపిల్లలకు వేసవి సెలవులు 49 రోజులు. ఈ మధ్య ఏప్రిల్ 24న మొదలై జూన్ 11తో అయిపోతున్నాయి, 12న బడులు తెరుస్తున్నారు. సైన్యంలో జవానుకు ఏటా ఉండే వార్షిక సెలవు 60 రోజులు. కాగితం మీద చూస్తే పిల్లల సెలవులన్నీ నాన్న సెలవులో ఇమిడిపోయి, పైన ఇంకో 11 రోజులు మిగలాలి. అలా ఇమిడిన ఇల్లు మాత్రం ఎక్కడో గానీ కనబడదు.

మొదట సెలవు సంగతి. జవాన్ల నోట ఏఎల్ అంటే ఆ 60 రోజుల వార్షిక సెలవు. సీఎల్, అంటే క్యాజువల్ లీవు, ఇంకో 30 రోజులు (ఆఫీసర్లకు 20). మొత్తం 90 కదా, మూడు నెలలు ఊళ్లో ఉండొచ్చు అనుకుంటారు బంధువులు. కుదరదు. సీఎల్‌ను ఏఎల్‌కు తోక కింద తగిలించడానికి నిబంధనలు ఒప్పుకోవు. 2022లో మొదలైన అగ్నిపథ్ కింద చేరిన అగ్నివీరులకైతే ఏడాదికి 30 రోజులే, నాలుగేళ్లకూ కలిపి 120. వాళ్లు పెళ్లి కాకుండానే చేరతారు కాబట్టి ఎదురుచూపులన్నీ అమ్మానాన్నలవే.

ఆ 60 రోజులనూ ఒకే ముద్దగా వాడుకునేవాళ్లు తక్కువ. ఒక పదాతి కంపెనీలో వందకు పైగా జవాన్లు ఉంటారు. పంజాబు జవానుకు బైశాఖి, గోధుమ కోతలు. మలయాళీకి ఓణం. మనవాళ్లకు సంక్రాంతి. పిల్లలున్న అందరికీ మే నెల. పోస్టులు ఖాళీ పెట్టలేరు కనుక లీవ్ ప్లాన్ అనే పట్టికలో అందరినీ సర్దాలి. అందుకే గోదావరి జిల్లాల జవాను సంక్రాంతికి కొంత, వేసవికి కొంత అని ముక్కలు చేసుకుంటాడు. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం అని పేరుపడ్డ ఊళ్లో తరతరాలుగా నడుస్తున్న బేరం ఇదే: కోడిపందేలకు వస్తే మామిడిపళ్లకు రాలేడు.

కశ్మీరు వైపు ఉన్నవాడికి ఇంకో చిక్కు. మంచు కరిగి కనుమలు తెరుచుకునేది, చొరబాట్ల మీద కాపలా పెంచాల్సింది వేసవిలోనే. జులై వచ్చేసరికి అమర్‌నాథ్ యాత్ర బందోబస్తు. పిల్లలకు బడి లేని కాలమే నాన్నకు పని ముదిరే కాలం.

సెలవు దొరికిందనుకుందాం. ఇక రైలు. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60కి తగ్గించారు. మే 1న బయల్దేరాలంటే మార్చి 2న టికెట్ తీయాలి. మార్చి మొదట్లో తన మే నెల ఎవరి చేతిలో ఉందో జవానుకు తెలియదు. సెలవు ఖాయమయ్యేసరికి వెయిటింగ్ లిస్టు చాంతాడంత అవుతుంది. ఉన్న దారులు తత్కాల్, లేదంటే సికింద్రాబాద్ లాంటి పెద్ద స్టేషన్లలో సైన్యం నడిపే ఎంసీవో, అంటే మూవ్‌మెంట్ కంట్రోల్ ఆఫీసు, దాని చేతిలోని రక్షణ కోటా. జమ్మూ నుంచి విజయవాడకు 2,300 కిలోమీటర్ల పైమాటే, దాదాపు రెండు పగళ్లూ రెండు రాత్రులూ పడుతుంది. దిబ్రూగఢ్–కన్యాకుమారి వివేక్ ఎక్స్‌ప్రెస్ 4,000 కిలోమీటర్లకు పైగా తిరిగే రైలు. విజయనగరం, విశాఖ మీదుగా పోతుంది కాబట్టి అస్సాంలో పనిచేసే ఉత్తరాంధ్ర జవాన్లకు అది సొంత బండి లాంటిది.

ఇంటికి చేరే లెక్క కంటే తిరిగి వెళ్లే లెక్క నాకు వింతగా ఉంటుంది. లేహ్ ఊరు దాదాపు 11,500 అడుగుల ఎత్తున ఉంది. కోస్తాలోనో రామగుండంలోనో 45 డిగ్రీల ఎండలో నెల రోజులకు పైగా గడిపినవాణ్ని నేరుగా పోస్టుకు పంపరు. శరీరం ఆ పలచటి గాలిని మరిచిపోయి ఉంటుంది. తొందరపడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని మళ్లీ మొదటి నుంచి అలవాటు చేస్తారు: 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య 6 రోజులు, 15,000 దాకా 4 రోజులు, ఆపైన ఇంకో 4. మొత్తం 14. మొదటి రెండు రోజులూ విశ్రాంతే, తర్వాత మెల్లగా నడక, ఆ తర్వాతే ఎక్కుడు. ఇంటి దగ్గర కొత్త ఆవకాయ జాడీ సగం కూడా కాకముందే కొండ మీద అతను ఊపిరి పీల్చడం మళ్లీ నేర్చుకుంటుంటాడు. సియాచిన్ పై పోస్టుల్లో అయితే ఒక బృందం ఉండేది సుమారు 90 రోజులు. ఆ మూడు నెలల్లో మే పడిందంటే ఆ ఏటి వేసవిని ఇంట్లోవాళ్లు లెక్కలోంచి తీసేసుకుంటారు.

ఇదంతా చదివి సైనిక కుటుంబానికి సంతోషమంటే సెలవులే అనుకుంటే పొరపాటు. నా లెక్కలో పెద్ద అంకె వేరే చోట ఉంది. ఉద్యోగం ఫీల్డ్, పీస్ అని రెండు రకాల పోస్టింగుల మధ్య తిరుగుతుంటుంది, ఒక్కోటి మామూలుగా రెండు మూడేళ్లు. ఫీల్డులో కుటుంబం వెంట ఉండదు. పీస్ స్టేషన్లో క్వార్టర్ దొరికితే ఉంటుంది. రెండేళ్లంటే 730 సాయంత్రాలు. గార్డు డ్యూటీలు, ఎక్సర్‌సైజులు, కోర్సులు తీసేసి 500 మిగిలాయనుకుందాం. ఏడాదికి 60 చొప్పున అన్ని రోజులు పోగవ్వాలంటే ఎనిమిదేళ్లకు పైగా వార్షిక సెలవులు కావాలి.

ఆ 500 సాయంత్రాల్లో పెద్ద విశేషాలేమీ ఉండవు. గేమ్స్ పరేడ్ అయ్యాక చెమట బనీనుతోనే సైకిలెక్కి క్వార్టర్‌కు వస్తాడు. ఎక్కాలు అప్పజెప్పించుకుంటాడు. పక్క క్వార్టర్ పంజాబీ ఆవిడ రాజ్మా గిన్నె పంపితే, ఆ గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లకూడదని మన తెలుగావిడ పులిహోర పెట్టి పంపుతుంది. యూనిట్ పుట్టినరోజైన రైజింగ్ డే నాడు బరాఖానా అనే ఉమ్మడి విందు, ఆదివారం మందిర్ పరేడ్, నెల మొదట్లో క్యాంటీన్ వరస. 1948లో ఏర్పడ్డ ఈ క్యాంటీన్ల విభాగానికి జీఎస్టీలో సగం మినహాయింపు ఉంది, సబ్బులూ కుక్కర్లూ బయటికంటే చవక కావడానికి అదొక కారణం. ఊరెళ్లేటప్పుడు నల్ల ట్రంకు పెట్టెలో సగం చోటు ఈ సామాన్లదే, బావమరుదులూ తోడల్లుళ్లూ ముందే చీటీ రాసి పంపుతారు మరి.

బదిలీల వల్ల కలిగే మేలు కూడా ఒకటుంది. కేంద్రీయ విద్యాలయాలు 1963లో మొదలైనప్పుడు తొలిగా కలిపేసుకున్నవి 20 రెజిమెంటల్ స్కూళ్లే. ఇప్పుడు 1,250 దాటాయి. అన్నిచోట్లా ఒకే పాఠాలు కాబట్టి ఝాన్సీలో సగం చదివిన పుస్తకాన్ని సికింద్రాబాద్‌లో పూర్తిచేయొచ్చు. సీటు ఇచ్చేటప్పుడు గత ఏడేళ్లలో తండ్రికో తల్లికో ఎన్ని బదిలీలు అయ్యాయో లెక్కిస్తారు, ఎక్కువైతే ముందు వరస. మిగతా చోట్ల సామాను సర్దుడు చాకిరీ అనిపించే ప్రతి బదిలీ ఇక్కడ మార్కు కింద జమ అవుతుంది.

ఒక్క నిబంధన ఈ లెక్కలన్నిటి మీదా కూర్చుని ఉంటుంది: సెలవు హక్కు కాదు. ఇచ్చిన సెలవునూ వెనక్కి తీసుకోవచ్చు. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. మన బడుల సెలవుల్లో అది 14వ రోజు. ఊళ్లలో ఉన్న జవాన్లు ఎందరో పిలుపు అందుకుని యూనిట్లకు బయల్దేరారు. అలా మిగిలిపోయిన వార్షిక సెలవులో ఏడాదికి 30 రోజుల దాకా దాచుకోవచ్చు. మొత్తం 300 వరకు జీతంగా లెక్కగట్టి ఉద్యోగం ముగిసే రోజున చేతికిస్తారు. ఏటా పూర్తిగా దాచినా అది నిండడానికి పదేళ్లు పడుతుంది. ఊళ్లో ఇంటి పునాదికి ఆ సొమ్ము పనికొస్తుంది. అప్పటికి అయిదో తరగతి పిల్లవాడి డిగ్రీ కూడా పూర్తయి ఉంటుంది.