రోబో పోరు: టీవీ తెర నుంచి యూట్యూబ్ బరికి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు జరిగినప్పుడు ఎద్దులను పళ్ళనుబట్టి విభాగాలు చేసి సమ ఉజ్జీలను బరిలోకి దింపినట్లే, రోబో పోరులో యంత్రాలను బరువునుబట్టి తరగతులుగా విడదీసి, ఒకే తరగతికి చెందిన రెండింటిని పాలీకార్బోనేట్ అనే తేలికగా పగలని పారదర్శక పలకల గోడల మధ్య ఎదురెదురుగా నిలుపుతారు. ఈ యంత్రాలు తమంతట తామే ఆలోచించి కొట్లాడవు. గోడ అవతల నిలబడిన మనిషి చేతిలోని రేడియో రిమోటే దాదాపు ప్రతి కదలికనూ నిర్ణయిస్తుంది.

1994లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్క్ థార్ప్ నిర్వహించిన ‘రోబోట్ వార్స్’ పోటీ 1998లో బీబీసీ కార్యక్రమంగా మారింది. ట్రే రోస్కీ, గ్రెగ్ మన్సన్ 1999లో ఆరంభించిన ‘బ్యాటిల్‌బాట్స్’ మరుసటి ఏడాది అమెరికా టీవీకి ఎక్కి, 2002లో ఆగిపోయి, 2015లో మళ్ళీ మొదలైంది. అందులో ఒక్కో యంత్రం దాదాపు 113 కిలోల వరకు బరువు ఉండవచ్చు; పోరు 3 నిమిషాలు సాగుతుంది; కదలలేక చతికిలబడిన యంత్రానికి 10 అంకెలు లెక్కపెట్టి ఓటమి ప్రకటిస్తారు, రెండూ నిలిస్తే నష్టం, దూకుడు, అదుపు అనే మూడు అంశాలనుబట్టి న్యాయనిర్ణేతలు తీర్పు చెబుతారు.

ఈ పోరాటాలను విడివిడి వీడియోలుగా యూట్యూబ్‌లో ఉంచడం మొదలయ్యాక చూసేవారి స్థితి మారింది. టీవీలో కళ్ళు మూసి తెరిచేలోగా ముగిసిపోయే దెబ్బను ఇక్కడ పావు వంతు వేగానికి తగ్గించి, వెనక్కి జరిపి ఎన్నిసార్లయినా పరిశీలించవచ్చు. ఉదాహరణకు, ముందు భాగంలో నిలువుగా గిర్రున తిరిగే ఉక్కు చక్రమే ఆయుధంగా గల రోబో ఒక్కసారిగా పక్కకు మళ్ళినప్పుడు అది నడిచే చక్రాలలో ఒకవైపుది నేలను వదిలి పైకి లేస్తుంది. అది ఎదుటి యంత్రం కొట్టిన దెబ్బ కాదు, తిరుగుతున్న వస్తువు తన అక్షం దిశ మార్చుకోవడానికి ఎదురు తిరగడంవల్ల కలిగే ఫలితం, దీనినే గైరోస్కోప్ ప్రభావం అంటారు. ఆయుధం తిరిగే వేగాన్ని రెండింతలు చేస్తే అందులో నిలువ ఉండే గతిజశక్తి నాలుగింతలవుతుందన్న సూత్రం కూడా, రేకులు చిరిగి గాలిలోకి లేచిన యంత్రాన్ని చూసినప్పుడు పాఠ్యపుస్తకంలో కంటే బలంగా మనసులో నాటుకుంటుంది.

అయితే యూట్యూబ్‌లో ఈ వీడియోల మనుగడ ఆ వేదిక నియమాలకు లోబడినదే. 2019 ఆగస్టులో రోబో పోరు వీడియోలు అనేకం యూట్యూబ్ నుంచి హఠాత్తుగా మాయమయ్యాయి. జంతువులను హింసించే, వాటిచేత బలవంతంగా పోరాడించే దృశ్యాలను నిషేధించే నియమాన్ని ఉల్లంఘించారని వాటిని పెట్టినవారికి తాఖీదులు అందాయి. రక్తమాంసాలు లేని ఇనుప యంత్రాలకు జీవహింస నియమం వర్తించడానికి ఆటోమేటిక్ వడపోతే కారణమై ఉంటుందని తయారీదారులు భావించారు. అభ్యంతరాలు వెల్లువెత్తాక యూట్యూబ్ పొరపాటును అంగీకరించి వీడియోలను పునరుద్ధరించింది. నెలల తరబడి శ్రమించి యంత్రాన్ని కట్టినవారికి ఆ వీడియోయే పనికి మిగిలే రికార్డు కాబట్టి, మూల ప్రతిని తమ దగ్గర భద్రపరచుకోకుండా ఒక్క వేదికనే నమ్ముకోవడం క్షేమం కాదు.

మన దేశంలో బొంబాయి ఐఐటీ సాంకేతిక ఉత్సవమైన టెక్‌ఫెస్ట్‌లో ‘రోబోవార్స్’ పేరొందిన పోటీ. కడప ప్రాంతానికి వస్తే పులివెందులలో 2006 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల, ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాల నడుస్తున్నాయి. మోటారు, బ్యాటరీ, వెల్డింగ్, లేత్ పని, రేడియో సంకేతాలు అన్నీ ఒకే వస్తువులో కలిసే ఈ పోటీ మెకానికల్, ఎలక్ట్రికల్ విద్యార్థులను ఒకే బల్ల దగ్గర కూర్చోబెడుతుంది. ఏ శాఖకు ఆ శాఖగా సాగే చదువులో ఆ అవకాశం అరుదు. అందుకు 113 కిలోల యంత్రం అక్కరలేదు. ఒక పౌండు, అంటే 454 గ్రాముల తరగతి కూడా ఉంది. ఆ పరిమాణంలో ఖర్చు, ప్రమాదం రెండూ తగ్గుతాయి. అయినా చిన్నదే కదా అని నిర్లక్ష్యం చేయరాదు: వేగంగా తిరిగే బ్లేడు వేలిని తెగగొట్టగలదు, దెబ్బతిన్న లిథియం బ్యాటరీ మంటలు లేపగలదు. కనుక మూతగల పాలీకార్బోనేట్ పెట్టె, కళ్ళద్దాలు, పక్కన ఇసుక బకెట్టు లేకుండా స్విచ్ వేయకూడదు.

ఈ కళాశాలల అధ్యాపకులు తమ వార్షిక ఉత్సవాలలో 454 గ్రాముల తరగతికి చోటిచ్చి, పోరును మాత్రమే కాక, ఆ తరువాత విరిగిన షాఫ్టు ఎందుకు విరిగిందో విద్యార్థులు తెలుగులో వివరించే వీడియోను కూడా యూట్యూబ్‌లో పెట్టించాలి.