క్రిస్మస్ కానుకగా బోర్డు ఆట: ఇల్లు చూసి ఎంచుకోవాలి

డిసెంబరు మూడో వారం వచ్చేసరికి కోల్‌కతాలోని న్యూ మార్కెట్ మొదలు ముంబయిలోని క్రాఫర్డ్ మార్కెట్, ఢిల్లీలోని సదర్ బజార్, హైదరాబాదులోని బేగంబజార్ వరకు ప్రధాన విపణులన్నీ క్రిస్మస్ నక్షత్రాలతో, కానుకల కొనుగోలుదారులతో కిటకిటలాడుతుంటాయి. బొమ్మల దుకాణాలలో బ్యాటరీ కార్లు, మాట్లాడే బొమ్మలు ముందు వరుసలో కనిపిస్తాయి. వాటి వెనుక పలుచని అట్టపెట్టెలలో లూడో, వైకుంఠపాళి, చదరంగం, క్యారమ్స్, వ్యాపారపు ఆట, పదాలు కూర్చే ఆటలు దొంతరలుగా పేర్చి ఉంటాయి. వీటిలో ఏది కొనాలో తోచక, పెట్టెపై ముద్రించిన రంగుల చిత్రాన్ని, ధరను చూసి ఏదో ఒకటి పట్టుకుపోయేవారే ఎక్కువ.

బ్యాటరీ కారుతో పిల్లవాడు ఒక్కడే ఆడుకోగలడు. బోర్డు ఆట సంగతి అలా కాదు. ఎదుట మరో మనిషి కూర్చుంటేనే అది ఆట అవుతుంది, లేకుంటే అట్టముక్కగా మిగులుతుంది. అందువల్ల ఈ కానుకను ఎంపిక చేసేటప్పుడు పిల్లల వయస్సు ఒక్కటే చూస్తే చాలదు. ఆ ఇంట్లో ఎవరెవరున్నారు, ఎందరు కలిసి కూర్చోగలరు, ఎంతసేపు కూర్చోగలరు అన్నది ముందుగా ఆలోచించాలి. ఈ లెక్క తప్పిన ఆట, ఎంత ఖరీదైనదయినా, జనవరి మొదటి వారానికే అటక ఎక్కుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో క్రైస్తవుల సంఖ్య సుమారు 2.78 కోట్లు, అంటే మొత్తం జనాభాలో 2.3 శాతం. నాగాలాండ్, మిజోరం, మేఘాలయలలో వారే అధిక సంఖ్యాకులు. గోవాలో నాలుగో వంతు, కేరళలో 18 శాతానికి పైగా ఉన్నారు. అయితే క్రిస్మస్ కానుకల వాడుక నేడు ఒక్క మతానికే పరిమితమై లేదు. పాఠశాలలలో, కార్యాలయాలలో ఒకరికొకరు కానుకలు ఇచ్చుకోవడం పరిపాటి అయింది. తెలుగు రాష్ట్రాలలో మిషనరీ పాఠశాలలకు క్రిస్మస్ సెలవులు, మిగిలిన వాటికి సంక్రాంతి సెలవులు వస్తాయి. ఆ సెలవుల్లో పిల్లలు ఇంటిపట్టున ఉండే కాలానికే ఈ కానుక అక్కరకు వస్తుంది.

తగ్గిన పన్ను

ఈ ఆటలు కొనేవారికి ఇటీవల కొంత ఊరట లభించింది. పేకముక్కలు, చదరంగం బోర్డులు, క్యారమ్ బోర్డులు, లూడో వంటి ఆటలపై 12 శాతంగా ఉన్న వస్తు సేవల పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కలపక ముందు 1,000 రూపాయలు ధర గల ఆటకు అంతకుముందు 1,120 రూపాయలు చెల్లించవలసి ఉండగా, కొత్త రేటు ప్రకారం 1,050 రూపాయలు చెల్లిస్తే సరిపోతుంది. పాత నిల్వలపై పాత ధరే ముద్రించి ఉండవచ్చు. కనుక బిల్లులో ఏ రేటు వేశారో చూసుకోవడం కొనుగోలుదారుల బాధ్యత.

దిగుమతుల నుంచి ఎగుమతులకు

ఆటవస్తువుల వెనుక పెద్ద వాణిజ్య కథ ఉంది. 2001 ఏప్రిల్‌లో దిగుమతులపై పరిమాణాత్మక ఆంక్షలు తొలగిన అనంతరం చౌకయిన చైనా ఆటవస్తువులు భారతీయ విపణిని ముంచెత్తాయి. నాణ్యతపై ఆందోళన పెరగడంతో 2009 జనవరిలో ప్రభుత్వం చైనా బొమ్మల దిగుమతిని ఆరు నెలలపాటు నిషేధించింది. కానీ మార్చిలోనే ఆ నిషేధాన్ని సడలించి, అంతర్జాతీయ ప్రమాణాల ధ్రువపత్రం ఉన్నవాటిని అనుమతించింది. 2019లో భారత నాణ్యతా మండలి జరిపిన పరీక్షలలో దిగుమతి బొమ్మల నమూనాలలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రమాణాలకు నిలబడలేదు.

ఆ తర్వాత విధానం మారింది. 2020 ఫిబ్రవరిలో దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2014-15లో సుమారు 33 కోట్ల డాలర్లుగా ఉన్న ఆటవస్తువుల దిగుమతులు 2022-23 నాటికి సుమారు 16 కోట్ల డాలర్లకు పడిపోయాయి. అదే కాలంలో ఎగుమతులు సుమారు 9.6 కోట్ల డాలర్ల నుంచి 32.5 కోట్ల డాలర్లకు పెరిగినట్లు ప్రభుత్వ గణాంకాలు తెలుపుతున్నాయి.

ఈ మార్పునకు రెండో పార్శ్వం కూడా ఉంది. విదేశాలలో పేరుపొందిన కొత్త ఆటలు సుంకం భారంతో ఇక్కడి మధ్యతరగతి కుటుంబాలకు అందుబాటులో లేకుండా పోయాయి. మరోవైపు నాణ్యతా పరీక్షల ఖర్చు చిన్న తయారీదారులకు బరువైంది.

ఐ.ఎస్.ఐ. ముద్ర ఎందుకు?

14 సంవత్సరాల లోపు పిల్లలు ఆడుకునే వస్తువులు భారతీయ ప్రమాణాలకు లోబడి ఉండాలని 2020లో వెలువడిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దేశంలో తయారైనదైనా, విదేశం నుంచి వచ్చినదైనా పెట్టెపై ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. విద్యుత్తుతో పని లేని బొమ్మలకు ఐ.ఎస్. 9873 అనే ప్రమాణం వర్తిస్తుంది. ముద్ర కింద సి.ఎం/ఎల్ అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటుంది. దానిని బి.ఐ.ఎస్. కేర్ అనే మొబైల్ యాప్‌లో నమోదు చేస్తే తయారీదారు ఎవరో, లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో తెలుస్తుంది. నిబంధన ఉన్నంత మాత్రాన ఉల్లంఘనలు ఆగలేదు. 2023 జనవరిలో విమానాశ్రయాలు, మాల్స్‌లోని దుకాణాలపై అధికారులు జరిపిన సోదాలలో ముద్ర లేని 18 వేలకు పైగా బొమ్మలు పట్టుబడ్డాయి.

బోర్డు ఆటలలో ప్రమాదం చిన్న వస్తువులతోనే వస్తుంది. పాచిక, లూడో కాయ, పదాల ఆటలోని అక్షరపు బిళ్ల మూడేళ్లలోపు పిల్లల గొంతులో అడ్డుపడగల పరిమాణంలో ఉంటాయి. అయస్కాంతంతో అతుక్కునే ప్రయాణపు చదరంగంలో ఊడివచ్చే అయస్కాంతపు ముక్కలు ఇంకా ప్రమాదకరం. ఒకటికి మించి కడుపులోకి పోతే అవి పేగుల గోడలకు అటూ ఇటూ అంటుకుని పేగులకే రంధ్రం చేయగలవు. కానుక పెద్దపిల్లవాడికే అయినా, ఆ ఇంట్లో పాకే బిడ్డ ఉన్నట్లయితే ఈ సంగతి మరువరాదు.

హస్తకళాకారులుగా నమోదైన వారు తయారుచేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన కొండపల్లి, ఏటికొప్పాక, చన్నపట్న బొమ్మల వంటి వాటి అధీకృత ఉత్పత్తిదారులకు ఈ ఉత్తర్వు నుంచి మినహాయింపు లభించింది. కనుక వాటిపై ముద్ర లేదని సందేహించనక్కరలేదు. కొనే చోటు నమ్మకమైనదయితే చాలు.

ఎవరికి ఏ ఆట?

నాలుగైదేళ్ల పిల్లలకు రంగులు జతపరచడం, బొమ్మలు గుర్తుంచుకోవడం వంటి ఆటలు తగినవి. పది, పదిహేను నిమిషాలలో ముగియని ఆటలో వారు నిలవరు. ఓటమిని ఓర్చుకోలేని ఆ వయస్సులో అందరూ ఒక జట్టుగా ఆడి, అందరూ కలిసి గెలిచే ఆటలు మేలు.

ఆరు నుంచి తొమ్మిదేళ్ల వారికి లూడో, వైకుంఠపాళి ఇప్పటికీ తిరుగులేనివి. పాచిక పెద్దలనూ పిన్నలనూ ఒకే రీతిగా చూస్తుంది. అందువల్లనే ఏడేళ్ల మనుమరాలు డెబ్బయ్యేళ్ల తాతగారిని న్యాయంగా ఓడించగలదు. తోబుట్టువుల మధ్య వయస్సు తేడా ఎక్కువగా ఉన్న ఇళ్లకు ఇటువంటి అదృష్టపు పాలు గల ఆటలే నప్పుతాయి.

చదరంగానికి ఆదరణ పెరిగింది. తెలుగు కుటుంబంలో పుట్టిన చెన్నై యువకుడు గుకేశ్ 2024 డిసెంబరు 12న 18 ఏళ్ల వయస్సులో ప్రపంచ విజేత అయ్యాడు. అదే నెల 28న న్యూయార్క్‌లో కోనేరు హంపి ప్రపంచ ర్యాపిడ్ కిరీటాన్ని రెండోసారి గెలుచుకున్నారు. ఈ ఉత్సాహంతో చదరంగం కొనే తల్లిదండ్రులు ఒక సంగతి గమనించాలి. అది ఇద్దరి ఆట. అందులో అదృష్టానికి తావు లేదు. ఇంట్లో సమఉజ్జీ లేని పిల్లవాడు వరుసగా ఓడిపోయి బోర్డు మూసివేస్తాడు, లేదా ఫోనులోని ఆటవైపు మళ్లుతాడు. నేర్పేవారు, ఓపికగా ఆడేవారు ఉన్నప్పుడే అది మంచి కానుక.

నలుగురు కూర్చునే ఇంటికి క్యారమ్స్ శ్రేష్ఠమైనవి. చదివే కార్డులు లేవు, భాషతో పని లేదు. పోటీల ప్రమాణం ప్రకారం ఆడే తలం 29 అంగుళాల చదరం. చిన్నపిల్లల కోసం అమ్మే చిన్న బోర్డులపై స్ట్రైకర్ సరిగా సాగక త్వరలోనే విసుగు పుడుతుంది. పెట్టుబడి పెట్టదలిస్తే పెద్ద బోర్డుపైనే పెట్టడం మంచిది. 2024 నవంబరులో అమెరికాలో జరిగిన ప్రపంచ క్యారమ్ కప్పులో మూడు స్వర్ణాలు గెలిచిన కాజిమా చెన్నైలోని ఒక ఆటో డ్రైవర్ కుమార్తె.

పదేళ్లు దాటిన వారికి పదాల ఆటలు, కొనుగోలు అమ్మకాల వ్యాపారపు ఆటలు నచ్చుతాయి. అయితే వీటిలో చాలావరకు ఆంగ్లంలోనే ఉంటాయి. తెలుగు మాత్రమే చదివే నాయనమ్మ, అమ్మమ్మ ఉన్న ఇంట్లో ఆ ఆట తెరవగానే వారు ప్రేక్షకులైపోతారు. వ్యాపారపు ఆట రెండు గంటలకు పైగా సాగడం, ముందే దివాలా తీసినవారు ఖాళీగా కూర్చోవడం కూడా లోపాలే.

ఇక్కడ పుట్టిన ఆటలు

విదేశీ పెట్టెలలో కనిపించే ఆటలలో కొన్ని ఈ గడ్డపై పుట్టినవే. పచ్చీసు నుంచి రూపుదిద్దుకున్న లూడో 1896లో ఇంగ్లండులో పేటెంటు పొందింది. పుణ్యపాపాలను నిచ్చెనలుగా, పాములుగా చూపిన మన వైకుంఠపాళి 19వ శతాబ్ది చివర బ్రిటన్ చేరి, 1943లో అమెరికాలో పాములు లేని జారుడుబల్లల ఆటగా మారింది. అష్టాచెమ్మా, వామనగుంటలు, పులిజూదం ఆడిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. చెన్నైలో 2002లో ప్రారంభమైన క్రీడా సంస్థ ఇటువంటి ఆటలకు మళ్లీ పెట్టెలు కట్టి అమ్ముతోంది. చెక్కను చెక్కి చదరంగం పావులు తయారుచేసే అమృత్‌సర్ పనివారు తమ సరుకును దేశదేశాలకు పంపుతున్నారు. అటువంటి ఆట ఒకటి కొంటే పిల్లవాడికి కానుక, పనివాడికి కూలి, నేర్పే పెద్దవారికి గౌరవం ఒక్కసారే దక్కుతాయి.

చివరగా, కానుక ఇచ్చేవారికి ఒక సూచన. పెట్టె విప్పిన సాయంత్రమే ఆట మొదలుకావాలి. నిబంధనల కాగితాన్ని పిల్లల చేతికిచ్చి వెళ్లిపోతే ఆ పెట్టె మళ్లీ తెరుచుకోకపోవచ్చు. ముందుగా చదివి, అర్థం చేసుకుని, ప్రార్థన, విందు ముగిసిన తర్వాత ఫోన్లు పక్కన పెట్టి తొలి ఆట తామే కూర్చుని ఆడించాలి. బోర్డు ఆటకు కొనుగోలుదారు చెల్లించే ధరలో ఆ గంట కాలం కూడా చేరి ఉంటుంది. దానిపై పన్ను లేదు.